కెజయా కడిగిన తుపాకి

కెంటకీ అడవి అంచున మా కర్రకోటలో జోతమ్ తుపాకి ఎప్పుడూ గురి తప్పలేదు. దాన్ని కడిగేది అతని భార్య కెజయా. మరిగిన నీళ్లు గొట్టంలో పోసి, మసి పోయేదాకా అవిసె నార చుట్టిన కర్రతో తోమేది. ఆరాక ఎలుగు కొవ్వు పట్టించేది. మళ్లీ మందు కూరే ముందు ఆ కొవ్వంతా పొడి నారతో తుడిచేది. నిప్పు దూరే బెజ్జంలో పక్షి ఈక ఆడించి చూసేది.

ఒక సాయంత్రం జోతమ్ తమ్ముడు ఆషర్ అందరి ముందూ నవ్వాడు.

"ఏంటన్నా, తుపాకి కూడా వదినే కడుగుతుందా? ఇంకేం, వేటకీ ఆవిడనే పంపు!"

జోతమ్ తుపాకి లాక్కున్నాడు. గొట్టం నిండా తనే కొవ్వు దట్టించాడు. పొద్దున్నే దాని మీదే మందు పోయబోతుంటే కెజయా ఆపింది.

"తుడవకుండా కూరితే మందు తడిసిపోతుందయ్యా."

"నోర్ముయ్యవే. నీ వల్లే నేను నవ్వులపాలయ్యాను."

రెల్లుపొదల్లో అన్నదమ్ములిద్దరికీ ఎలుగు ఎదురైంది. చెకుముకి రాయి నిప్పు రాల్చింది, బెజ్జం బయట పోసిన చిటికెడు మందు భగ్గుమంది, గుండు మాత్రం కదలలేదు. చెట్టెక్కి బతికిన ఆషర్ అన్న శవాన్నీ తుపాకినీ మోసుకొచ్చాడు.

"ఆడదాని చెయ్యి తగిలిన తుపాకి ఇంకేం పేలుతుంది?" అన్నాడు.

కెజయా ఏడవలేదు. కర్ర కొసకు మరమేకు బిగించి గొట్టంలోని గుండును బయటికి లాగింది. వెనకే కొవ్వులో ముద్దయిన మందు జారింది. దాన్ని అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. ఎవరూ సరిగా చూడలేదు. ఇకమీదట కోటకు మాంసం తేవలసింది ఆషరే. తుపాకి కూడా అతనికే పోయింది.

మొదటి మంచు పడ్డాక ఆషర్ పెరటి దారిన వచ్చాడు.

"వదినా, రెండుసార్లు పేలలేదు. కాస్త కడిగిపెట్టు. ఎవరికీ చెప్పకు."

"కడుగుతాను. నీ అన్న నా చేతి వల్ల చావలేదని కోట వాకిట్లో అందరి ముందూ చెప్పిరా."

"చెబితే నన్ను చూసి నవ్వరూ? సరే, వద్దంటే పోతాను. పిల్లలకి మాంసం ఎవరు తెస్తారో చూసుకో."

లోపల ఆమె పిల్లలు ఉడికించిన మొక్కజొన్న గింజలు పంచుకుంటూ కొట్టుకుంటున్నారు. కెజయా నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

ఆ చలికాలమంతా తుపాకి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆషర్ చెయ్యి మంచిదని కోటలో అందరూ అన్నారు.