చాచా కూర్చున్న వెనక సీటు

మందమర్రిలో ఒకప్పటి మా ఎదురింటి చాచా మొన్న శుక్రవారం పొద్దున పోయారు. మేమిప్పుడు ఉంటున్న చొప్పదండికి కబురు తెచ్చిన మనిషి గుమ్మంలోనే ఏడ్చేశాడు. మా ఆయన వెంటనే కారు బయటికి తీశాడు.

చాచా పని కమాన్లు చేయడం. కమాన్లంటే బండి కింద ఉండి కుదుపును ఆపే ఇనుప పట్టీల కట్టలు. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద అవి విరగని వారం ఉండదు కాబట్టి ఆయనకు తీరికే ఉండేది కాదు. దొరికిన కాస్త తీరికలో చాయ్‌లో రొట్టె ముంచుకు తింటూ, దారిన పోయే బండ్ల చప్పుడు వినేవారు. "గా బండి మూలుగుతుంది. జర దాని మాలిక్‌కు చెప్పు బిడ్డా" అని నాకు పని పెట్టేవారు. ఆ మాలిక్ అప్పటికి ఏ ఊళ్లో ఉంటాడో!

దసరా మర్నాడు శ్రీరాంపూర్ దగ్గరి మైదానంలో మా ఆయనతో సహా ఊళ్లోని డ్రైవర్లంతా పాత జీపులతో, టాక్సీలతో పందెం పెట్టుకునేవారు. రూళ్లు చాచావి. ఇంజనుకు ఏం చేసుకున్నా అడగరు కానీ కమాన్లలో ఒక్క పట్టీ తగ్గకూడదు. పట్టీ తీస్తే బండి కిందికి దిగి మలుపుల్లో జోరుగా పోతుంది. గుంతలో పడితే మాత్రం లోపలివాళ్ల నడుములు పోతాయి. అందుకే పందేనికి ముందు ప్రతి డ్రైవరూ తన ఇంటివాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అడ్డంగా తవ్విన కాలువ దాటించాలి. మేము పట్టుచీరలు కట్టుకుని మరీ వెళ్లేవాళ్లం. పందెమా, పెండ్లి ఊరేగింపా అని ఎవరైనా నవ్వితే, "రేపు గీ బండ్లల్లనే జనం ఎక్కుతరు గద" అనేవారు చాచా.

ఆ ఏడు నేను నిండు నెలల్లో ఉన్నాను. గెలవాలన్న పిచ్చిలో మా ఆయన తన టాక్సీ వెనక కమాన్ల నుంచి ఒక్కో పట్టీ తీసేశాడు. పందెం మొదలయ్యేదాకా బండి కుంగినట్టు కనబడకుండా చెక్కముక్కలు బిగించాడు. ఇదేమీ తెలియక నేను ముస్తాబై ఎక్కబోయాను. చాచా మడ్‌గార్డు మీద చెయ్యేసి నొక్కి చూశారు. వంగి కిందికి చూశారు.

"నువ్వు ఆగు బిడ్డా, నేను కూసుంట" అన్నారు.

"చాచా, నీకెందుకు..." అని నసిగాడు మా ఆయన.

"ఏం? బండి మంచిగనే ఉన్నది గద. పోనియ్యి."

కాలువలో బండి దబ్బున పడింది. చాచా నడుము పట్టుకుని దిగారు. ముఖంలో కోపం లేదు.

"గా పిల్లను గీ బండిలనే దవాఖానకు తీస్కపోతవు గద బేటా. అప్పుడు గీ దెబ్బ ఎవలకు తగుల్తదో సోంచాయించు."

మా ఆయనను పందెంలో దిగనివ్వలేదు. ఇంటికొచ్చి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఒకరు నా దగ్గర దాచారు, ఇంకొకరు ఆ వయసులో ఆ దెబ్బ తిన్నారు. సాయంత్రం చాచా నడుముకు గుడ్డ చుట్టుకుని, కొత్త పట్టీలు భుజాన వేసుకుని వచ్చారు. నేరుగా బండి కింద దూరారు. కాసేపటికి మా ఆయనా దూరాడు. నేను చాయ్ తెచ్చేసరికి కింద ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

ఆ నెలలోనే నొప్పులు మొదలైతే మంచిర్యాల దాకా ఆ కారులోనే వెళ్లాను. దారంతా గుంతలే. కారు ఊగింది తప్ప ఒక్కసారీ ఎత్తి కొట్టలేదు. మా అమ్మాయి క్షేమంగా పుట్టింది. చాచా గురించి నేను ఎంత చెప్పుకున్నా తక్కువే.

శుక్రవారం సాయంత్రం చాచాను పడుకోబెట్టిన జనాజా భుజాల మీదికి లేచినప్పుడు నేను వాకిట్లో ఆడవాళ్లతో నిలబడి ఉన్నాను. ముందు వైపు ఒక భుజం మా ఆయనది. ఆ వీధి నిండా తేలిన రాళ్లే. అందరూ త్వరగా అడుగులు వేస్తుంటే, మా ఆయన ప్రతి రాయి దగ్గరా మోకాళ్లు వంచి, భుజం కొద్దిగా దించి, పైన పడుకున్న మనిషికి కుదుపు తగలకుండా నడుస్తున్నాడు.