పై వాటా పియానో

నా చిన్నప్పుడు ఒక అక్క తన నిద్ర పాడుచేసుకుని నా చదువు నిలబెట్టింది. డెబ్బై దాటాక నేను నా నిద్ర కోసం ఒక చిన్నపిల్ల వాయించుకునే పియానోను ఇంట్లోంచి వెళ్ళగొట్టించాను. మరిచిపోయి చేశానని చెప్పుకునే వీలు లేదు. నాకు మరుపు తక్కువ.

అప్పట్లో మేము నారాయణగూడలో ఒక కాంపౌండులో కిరాయికుండేవాళ్ళం. వరసగా వాటాలు, అందరికీ కలిపి ఒకటే నల్లా. నాయనకు జబ్బు చేసి నా బడి మధ్యలోనే ఆగిపోయింది. వాళ్ళూ వీళ్ళూ వదిలేసిన వాచకాలు తెచ్చుకుని, గడప మీద కూర్చుని గొంతెత్తి చదివేవాణ్ణి. చెప్పేవాళ్ళు లేని చదువు కదా, నా మాట నా చెవిన పడితేగానీ బుర్రకెక్కేది కాదు. నాలుక తిరిగేదాకా ఒకే పేరాను అరగదీసేవాణ్ణి.

గోడకు అవతల ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క ఉండేది. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున వచ్చి పడుకునేది. సరిగ్గా అదే వేళకు నా గొంతు లేచేది. ఒకనాడు మా అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచి, "రాత్రంత మేల్కొని వచ్చిన పిల్లరా అది! నోట్లె నోట్లె చదువుకో, లేకుంటె పుస్తకాలన్ని పొయిల పెడ్త" అన్నది. నేను పెదవులు మాత్రం కదుపుతూ కూర్చున్నాను. కాసేపటికి అక్క జుట్టు ముడి వేసుకుంటూ బయటికొచ్చింది.

"ఏందిరా, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా? నిన్నటి పాఠంల పడవ మునుగుతుండె గదా, అండ్ల ఉన్నోళ్ళు ఏమైన్రో చెప్పకుండనే ఆపినవ్. నాకు నిద్రెట్ల పడ్తది? గట్టిగ చదువు, మంచం మీదికెల్లి వింట."

ఇంక నన్ను పట్టేదెవరు? అమ్మ వైపు గెలిచినవాడిలా చూసి, అవతలి గల్లీకి వినపడేట్టు చదివాను. ఆ రోజే కాదు, ఆ తర్వాతా అంతే. అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర అక్కను చూశాను. బకెట్టు నిండి పొర్లి, నీళ్ళు ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. ఆమె మాత్రం గోడకు తల ఆనించి నిలుచునే నిద్రపోతోంది. కొంగు పట్టి లాగాను.

"నేను చదివితె నిద్ర పడ్తదంటివి గదక్కా?"

"పడ్తదిరా" అంటూ నల్లా కట్టేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పడవోళ్ళు ఒడ్డుకైతె చేరిన్రు గని, ఇగ అవుతలి పాఠం షురూ చెయ్యి."

నేను చదువుతుంటే ఆమె ఎప్పుడూ నిద్రపోలేదని ఆ బకెట్టు చూశాకే నాకు తెలిసింది. అయినా చదవడం ఆపనివ్వలేదు. ఆ గొంతుతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను, పరీక్షలు ప్రైవేటుగా కట్టి ఆఫీసులో కుర్చీ సంపాదించాను, చిక్కడపల్లిలో ఇల్లు కట్టాను. అక్క సంగతి నేను చెప్పని మనిషి లేడు. పై వాటాలోకి దిగిన దంపతులకు దిగిన రోజే చెప్పాను. వాళ్ళ చిన్న కూతురు కూడా పక్కన కూర్చుని నవ్వుతూ వింది.

ఆ పిల్ల సికింద్రాబాద్‌లో ఒక టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకునేది. తండ్రి ఎక్కడో పాత పియానో ఒకటి కొని, తాళ్ళు కట్టించి మెట్లెక్కించాడు. పాట అయితే ఓర్చుకునేవాణ్ణేమో. పిల్ల వాయించేది పాట కాదు. ఒకే ముక్క, ఎడమ చేత్తో, కుడి చేత్తో, నెమ్మదిగా, వేగంగా, తప్పుపోతే మళ్ళీ మొదటినుంచి. అది కూడా నేను మధ్యాహ్నం నడుం వాల్చే వేళకు.

మా గల్లీలో పండగకు మైకులు, పెళ్ళికి డీజేలు. అందరితోనూ కొట్లాడాను. ఠాణాకు పోతే, కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపారు. ఈ నగరంలో నా మాట చెల్లే చోటు ఒక్కటే మిగిలింది, అది నా కిరాయిదారు ఇల్లు. పైకెళ్ళి బెల్లు కొట్టాను.

"పాపకు పియానో గ్రేడ్ పరీక్ష ఉన్నది సార్, జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు తండ్రి.

"పరీక్షలుంటె అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు పోయి చదువుకోమనుండ్రి. నా నెత్తి మీద ఎందుకు? పియానో ఉండాల్నా, మీరుండాల్నా, ఏదో ఒకటి చెప్పుండ్రి."

ఆ ఆదివారమే పియానో కిందికి దిగింది. గోడకు రాసుకోకుండా ఆ పిల్ల తన అరచేతులు అడ్డం పెట్టుకుంటూ మెట్టు మెట్టుకూ దానితోపాటు దిగింది. అడిక్‌మెట్‌లో వాళ్ళ మేనత్త ఇంట్లో పెట్టారు. సెలవులకు అక్కడికి పోయి వాయించేది. మిగతా రోజుల్లో చిన్న కరెంటు కీబోర్డు, చెవులకు హెడ్‌ఫోన్లు. నాకు వినిపించేది వేళ్ళు మీటలను కొట్టే టకటక మాత్రమే. ఆ టకటక వింటూ హాయిగా కునుకు తీశాను. ఆ హాయి తలుచుకుంటే ఇవాళ నా ఒంటి మీద నాకే రోత.

ఆ పిల్ల ఆగలేదు. చెన్నైలో సంగీతం చదివింది, హోటళ్ళలో వాయించింది, పిల్లలకు పాఠాలు చెప్పింది, కచేరీలు చేసింది. ఇటీవల తొలి ఆల్బమ్ తెచ్చింది. స్వీటు డబ్బాతో, తండ్రిని వెంటబెట్టుకుని మొదట నా దగ్గరికే వచ్చి, ఫోనులో పెట్టి వినిపించింది. నాకు ఆ సంగీతం తెలియదు. కానీ ఒకచోట అది ఇల్లంతా నిండింది. ఇంత శబ్దాన్నా నేను ఆ హెడ్‌ఫోన్లలో కుక్కి మూశాను అనిపించింది.

తప్పైపోయిందని అంతకుముందు ఎన్నోసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ "అయ్యో, ఇడువుండ్రి తాతయ్యా" అని నవ్వి మాట మార్చేది. ఈసారి క్షమాపణ చెప్పలేదు. "నేను చేసినదాంతోని నీకేం నష్టమైందో చెప్పు బిడ్డా. నా వయసు చూసి అబద్ధం చెప్పకు" అన్నాను. తండ్రి కంగారుపడి ఏదో అనబోయాడు. ఆ పిల్ల చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. ఫోను కట్టేసింది.

"కోపమైతే లేదు తాతయ్యా, ఒట్టు. అడిగిన్రు కాబట్టి చెప్తున్న. గట్టిగ వాయించాల్సిన కాడికి రాంగనే చెయ్యి ఒక్క సెకను ఆగుతది. స్టూడియోల సార్ మల్ల మల్ల వాయించమన్నడు, అయినా ఆ ఆగుడు పోలే. మెట్ల మీద ఎవరన్న వస్తున్నరా అని చెవి పెట్టి వింట."