ఒక్క పంట బండి

మొన్నామధ్య కామారెడ్డిలో ఒక పెద్ద సర్వీసు సెంటరులో మా పాత కారు వెనుక తలుపైనా తెరవకుండా, అక్కడివాళ్ళు అద్దంలోంచి తొంగిచూసి, "అమ్మా, హైబ్రిడ్ గదా, బ్యాటరీ అయిపోయింది, ఇగ ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చేయుండ్రి" అన్నప్పుడు నా ఒళ్ళు మండిపోయింది. కోపం మంచిది కాదని చిన్నప్పుడు మా బాపు ఇంట్లోనే అక్షరాలతో పాటు నేర్పాడు. బడి మొహం చూడని నాకు ఆయనే బడి. అయినా ఆ రోజు మా ఊరు ఎల్లారెడ్డి చేరేదాకా దేవుడి పేరు తలుచుకుంటూనే వాళ్ళను తిట్టుకున్నాను. కారు నడుపుతున్న మా బిడ్డ "అమ్మా, జపం చేస్తున్నవా, శాపం పెడుతున్నవా?" అని నవ్వింది.

మావారు గల్ఫ్‌లో ఎన్నో ఏళ్ళు ఇలాంటి కారే నడిపి, తిరిగొచ్చాక ఏరికోరి హైదరాబాదులో ఒక పాతది కొనుక్కొచ్చారు. పెట్రోలుతోనూ, నడుస్తూ నడుస్తూ తనంతట తానే నింపుకునే బ్యాటరీతోనూ సాగుతుందని, దీన్ని హైబ్రిడ్ అంటారని ఆయన వాకిట్లో చెప్పగానే మా అత్తమ్మ ముఖం చిన్నబోయింది. వరి పండించే మా వైపు హైబ్రిడ్ అంటే ఒకటే అర్థం: పండిన గింజను విత్తనానికి దాచుకోలేము, ప్రతి పంటకూ కొత్త సంచి కొనవలసిందే. "గంత దూరం పోయి ఒక్క పంట బండిని తెచ్చినవా కొడుకా!" అని ఆమె, "వచ్చే వానకాలానికి ఇంకోటి కొనాలె అన్నా" అని మా మరిది. ఆ ఏడంతా మా కారుకు అదే పేరు.

ఆయన నొచ్చుకోలేదు. వెనుక సీటు పక్కన ఒక చిన్న జాలీ ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే లోపలికి వెళ్తుంది. అత్తమ్మ కొబ్బరికాయల సంచిని దానికి ఆనించి పెడితే "అవ్వా, దాని ముక్కు మూయకు" అనేవారు. "ముక్కు గూడ ఉన్నదా! పడిశం పట్టదు గదా?" అంటూ ఆమె సంచి ఒళ్ళో పెట్టుకునేది. దసరాకు ఊరంతా బానెట్‌కు బొట్టు పెడితే, మా ఇంట్లో ముందు ఆయన ఆ జాలీ దుమ్మును మెత్తటి కుంచెతో దులిపేవారు, దాని పక్కనే తొలి బొట్టు నేను పెట్టేదాన్ని. కామారెడ్డి దారిలో బర్రెలు కనిపిస్తే దూరం నుంచే మెల్లగా బ్రేకు మీద కాలు ఆనించేవారు, అలా ఆపితే వృథాగా పోయే బలం మళ్ళీ బ్యాటరీకే చేరుతుందట; షేర్ ఆటోలు హారన్ కొట్టి వెక్కిరిస్తూ మమ్మల్ని దాటిపోయేవి. పెట్రోలు బంకు ముందు నుంచి ఆగకుండా వెళ్ళిన ప్రతిసారీ ఆయన మీసాల చాటున ఒక నవ్వు ఉండేది. అత్తమ్మ అదే కారులో ఎన్నో పంటలు చూసి వెళ్ళిపోయింది, ఆ తరువాత ఆయనా వెళ్ళిపోయారు. ఆయన చేతుల కింద అరిగిన ఆ స్టీరింగును తాకి కళ్ళకద్దుకోకుండా నేనేనాడూ ఆ కారు ఎక్కలేదు.

అలాంటి దాన్ని ఇచ్చేయమంటారా! ఈ మధ్య పెట్రోలు ఎక్కువ తాగుతున్న మాట, వెనుక ఫ్యాను రొద పెడుతున్న మాట, ముందు హెచ్చరిక దీపం వెలుగుతున్న మాట నిజమే. ఇంటికి రాగానే ఆయన కుంచె పట్టుకుని వెనుక సీటెక్కాను. జాలీ కనపడదే! ఎండాకాలంలో నా కోసమని బిడ్డ ముచ్చటపడి వేయించిన కొత్త సీటు కవరు దాని మీదుగా బిగించి ఉంది. బిగించింది ఎవరు? ఆ సర్వీసు సెంటరువాళ్ళే. ముక్కు మూసినవాళ్ళే ఊపిరి లేదని తేల్చారన్నమాట!

బిడ్డ బ్లేడుతో జాలీ మేరకు కవరు కోసింది, నేను బొంతలా పేరుకున్న దుమ్మును తీశాను. మరునాడే ఫ్యాను రొద తగ్గింది, కొద్ది రోజులకు దీపం వెలగడమూ మానింది. దేవుడికి దండం పెట్టుకున్నాను, కోపం మాత్రం చల్లారలేదు.

బ్యాటరీ ముసలిదే, ఏదో ఒకనాడు నిజంగానే ఆగిపోతుందని నాకూ తెలుసు. కానీ మన కాలంలో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఇంట్లో ఏ వస్తువు మూలిగినా ముందు విప్పి చూసేవాళ్ళం. ఒక్క పంట బండి అన్న అత్తమ్మది తెలియనితనం. అయినా ఆమె ఆ మాట అని ఊరుకోలేదు, ప్రతి దసరాకూ జాలీ దగ్గర కొంగు అంచు పట్టి, అది గాలికి లోపలికి లాగబడితే "ఉన్నది, పానం ఉన్నది" అని మురిసిపోయేది. అన్నీ తెలిసినవాళ్ళు ఇవాళ ఆ మాత్రం వంగి చూడడం లేదు.