ఇబ్రీలో గ్రీకు స్తంభాలు

1976 వేసవిలో నన్ను ఒమన్ లోపలి పట్టణమైన ఇబ్రీకి సైట్ సూపర్‌వైజర్‌గా పంపారు. అక్కడ మా కంపెనీ ఒక బ్యాంకు భవనం కడుతోంది. ముందు వరండాకు గ్రీకు స్తంభాలు ఉండి తీరాలని కన్సల్టెంట్ ఇంజనీరు పట్టుబట్టాడు. ఆయన ఇంగ్లీషువాడు. బరువంతా మోసేది వెనకున్న కాంక్రీటు ఫ్రేము. ఆ స్తంభాలు ఉత్త జిప్సం డొల్లలు. పైన పటారం, లోన లొటారం. అయినా వాటి మీద ఆయనకెంత మురిపెమో! తమ కోర్టులు, నాటకశాలలు, ఓటు, డాక్టర్లు చేసే ప్రమాణం దాకా అన్నీ గ్రీకులు పెట్టిన భిక్షేనని టీ తాగినప్పుడల్లా చెప్పేవాడు.

ఎత్తైన పరంజా ఊగకుండా దాన్ని గోడకు ఇనుప కడ్డీలతో బిగిస్తారు. వాటిని టైలు అంటాం. స్తంభాల నునుపు పనికి అడ్డమని ఆయన వాటిని తీయించాడు. వద్దన్నాను, వినలేదు. మర్నాడు గాలికి పరంజా ఊగిపోయి, కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన రాజయ్య కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

విచారణకు కంపెనీ కమిటీ వేసింది. ఆ ఇంజనీరే అధ్యక్షుడు, నేనూ ఒక సభ్యుణ్ణి. తప్పు రాజయ్యదని తేలితే వీసా రద్దు చేసి, కాలు నయం కాకముందే ఇంటికి పంపేస్తారు. అతని పక్కనే పనిచేసిన మల్లయ్య తలుపు దగ్గర నన్ను ఆపాడు.

"సారూ, టైలు ఇప్పింది నేనే. దొర ఇప్పుమంటేనే ఇప్పిన. నన్నొక్క మాట అడగమనుండ్రి," అన్నాడు.

లోపలికెళ్లి, మల్లయ్యను అడగమని కమిటీకి చెప్పాను. సభ్యులు కానివాళ్లు మాట్లాడకూడదని, ఓటు వేసి తేల్చుకోవడమే నాగరికమని ఇంజనీరు సెలవిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. మీ ఏథెన్స్‌లో రాళ్లు మోసినవాళ్లకు ఓటుండేదా అని అడిగాను. బానిసలకు, పరదేశులకు, ఆడవాళ్లకు ఉండేది కాదని, పాఠం చెబుతున్నట్టు తాపీగా జవాబిచ్చాడు. నేను ఎత్తిపొడిచానని కూడా ఆయనకు తోచలేదు. ప్రమాదం కూలీ అజాగ్రత్త వల్లేనన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. నేను తప్ప అందరూ ఎత్తారు.

టైలు తీయించినవాడే తీర్పరి! ఇంతకంటే సిగ్గులేనితనం ఇంకెక్కడైనా ఉంటుందా? ఆస్పత్రిలో ఉన్న రాజయ్యను ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. పిండికట్టుతోనే విమానం ఎక్కించారు.

గ్రీకుల దగ్గర్నుంచి ఓటుతో పాటు, ఎవరికి ఓటుహక్కు ఇవ్వకూడదో కూడా ఆ ఇంగ్లీషువాళ్లు నేర్చుకున్నారు. ఆ తర్వాత నా ఉద్యోగకాలంలో, పడ్డవాడి వాంగ్మూలం లేని ఏ ప్రమాద నివేదిక మీదా నేను సంతకం పెట్టలేదు.