తారుమారు పాట

శనివారం సాయంత్రం షికాగో రేడియోలో ఆర్విల్ టాన్సీ గొంతు వినబడగానే భోజనాల బల్లల దగ్గర నవ్వులు మొదలయ్యేవి. వెనక బ్యాండువాళ్ళు కారు హారన్లూ ఆవుగంటలూ మోగిస్తుంటే, అతడు ప్రేమపాట ఎత్తుకుని "నీ కళ్ళలో వెన్నెల" అనబోయి "నీ వెళ్ళలో కన్నెల" అనేవాడు. దిద్దుకోబోయి మరింత చిక్కులో పడేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఆ పాట రికార్డుగా వచ్చి ఊరంతా మోగింది.

ఆ తడబాటు అతడి సొంతం కాదు. అన్న లెస్టర్‌ది. యుద్ధంలో తలకు దెబ్బ తగిలినప్పటినుంచీ లెస్టర్ మాటలు అలాగే దొర్లేవి.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగనాడు ఆర్విల్ అన్నగారింటికి భోజనానికి వెళ్ళాడు. లెస్టర్ బంగాళదుంపల గిన్నెకేసి వేలు చూపించాడు తప్ప నోరు విప్పలేదు.

"ఏంటన్నయ్యా, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?"

లెస్టర్ తల దించుకున్నాడు. వదిన హెటీ ఆర్విల్‌ని వంటింట్లోకి పిలిచింది.

"మేకులు కొనే వంకతో జనం మీ అన్నయ్య ఇనప సామాన్ల కొట్టుకి వచ్చి, 'ఏదీ, ఆ రేడియోవాడిలా ఓసారి మాట్లాడు' అంటున్నారు. ఇంట్లో కూడా మాట మానేశాడు. ఆ తడబాటు ఎవరిదో వాళ్ళకి తెలీదు. నీకు తెలుసుగా?"

ఆర్విల్‌కి తల కొట్టేసినట్టయింది. "ఇంకెప్పుడూ పాడను వదినా, ఒట్టు."

ఆ శనివారం వేరే పాట తయారుచేసుకుని వెళ్ళాడు. రేడియో హాల్లో కూర్చున్న ప్రేక్షకుల్లో ఎవరో "వెన్నెల పాట!" అని అరిచారు. హారన్ మోగింది. అతడు వద్దని తలూపితే అదీ తమాషాయే అనుకుని చప్పట్లు రెట్టించారు. పాడేశాడు. ఎప్పుడూ పాడనంత బాగా పాడాడు. పాడుతున్నంతసేపూ అన్న గుర్తుకే రాలేదు. ఆ సంగతి ఇంటికెళ్తూ ట్రాములో తట్టి, పక్కవాళ్ళకు మొహం కనబడకుండా కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

కొత్త సంవత్సరం రాకుండానే రేడియో వదిలేసి ఒక డాన్సు హాల్లో ట్రాంబోను బాకా ఊదే పనిలో చేరాడు. రికార్డు మాత్రం మోగుతూనే ఉంది.

ఒక ఆదివారం ధైర్యం చేసి అన్నగారి తలుపు తట్టాడు. లెస్టరే తీశాడు. తమ్ముణ్ణి చూసి, మెల్లగా అన్నాడు:

"లోపీ తీసి... టోపలికి రా."

నెలల తర్వాత అన్న పలికిన మాట. అది విన్న మరుక్షణం ఆర్విల్ బుర్ర దాన్ని తాళంలో పెట్టేసింది. జనం ఎక్కడ నవ్వుతారో కూడా తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఏడుస్తున్నాడనుకుని లెస్టర్ అతడి భుజం పట్టి లోపలికి తీసుకెళ్ళాడు.