వంటక్క దాహం

వంటక్క పోయింది. బాసగూడ దగ్గర మా బడిలో ఏళ్ళ తరబడి పిల్లలకు అన్నం వండిపెట్టిన మనిషి. ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజే పోయింది. ఆమె భర్త బడి గడపలో నిలబడి, "మీ అక్క లేదు మేడం. ఇయ్యాల వంటకు వేరేటోళ్ళను చూసుకోండ్రి" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

ఆఖరి పిల్ల చెయ్యి కడుక్కునేదాకా ఆమె తినేది కాదు. కూర నచ్చక ఎవరైనా పళ్ళెం తోసేస్తే తిట్టేది కాదు, పక్కన కూర్చునేది. "అన్నం మీద అలగొద్దు బిడ్డా, అది మళ్ళ బతిమిలాడదు" అనేది. అలాంటి మనిషి చేత అన్నం మాన్పించింది నేను.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. బరువు తగ్గమని డాక్టరు చెప్పాడట. "నిలబడలేకపోతే నాకు వంట పని ఎవరిస్తరు మేడం?" అంటూ నా దగ్గరికొచ్చింది. అప్పుడు నాకు ఫోనులో వీడియోల పిచ్చి. పొట్టకు ప్లాస్టిక్ చుట్టుకుని చెమటలు కక్కే ఒకావిడను చూపించి, చెమట పడితే కొవ్వు కరిగినట్టే అన్నాను. ఏదో పెద్ద తెలిసినదానిలా.

"గింతేనా? ఇప్పపువ్వు లెక్కనే" అంది అక్క. "ఎండితే నీళ్ళు పోయి వజన్ తగ్గుతది. మనిషి గూడ ఎండాలె." నేను నవ్వి తలూపాను. ఆ తల ఊపడం ఒక్కటి వెనక్కి తీసుకోగలిగితే!

ఇప్పపువ్వు ఆరబోసే ప్లాస్టిక్ పట్టాలోంచి ముక్క కోసి నడుముకు చుట్టుకుంది. దాంతోనే పొయ్యి ముందు కూర్చునేది. అన్నం మానేసింది, జావ కూడా మానేసింది. ప్రతి సంతకూ పువ్వు కొనే సేట్ కాంటా ఎక్కేది. ముల్లు కిందికి దిగితే చుట్టూ ఉన్నవాళ్ళు సంబరపడేవాళ్ళు. నేనైతే చప్పట్లు కొట్టాను. ఫోటో తీసి మిగతా టీచర్లకు పంపాను కూడా, సిగ్గులేకుండా.

దాహంతో ఆమె పెదాలు పగిలిపోయేవి. నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేది. తాగక్కా అంటే, "తాగితే తడిసిన పువ్వయిత గదా, మళ్ళ బరువెక్కుత" అనేది. మాటిమాటికీ ఒంటికని దొడ్డివైపు పోతుంటే, "నీళ్ళన్నీ పోతున్నయి, మంచిదే" అని తనే అనుకుంది. మేమూ అదే అనుకున్నాం. మోకాళ్ళ నొప్పి మాత్రం తగ్గలేదు. ఒకరోజు పొయ్యి ముందే పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు.

షుగరట. ముదిరిపోయిందట. మనిషి చిక్కిపోయింది దానివల్లేనట. ఒంట్లో చుక్క నీరు లేదని డాక్టరు ఆమె భర్తతో అన్నాడు. "ఇంత దాహం వేస్తుంటే ఇంట్లో ఎవరికీ తెలియలేదా?" అని కూడా అడిగాడట. తెలుసు. ఇంట్లో తెలుసు, బడిలో తెలుసు, సంతలోనూ తెలుసు. చెమటతో పోయేది నీళ్ళేనని, కొవ్వు కాదని నాకు ఇప్పుడు తెలిసింది. సన్నబడిన మనిషల్లా బాగుపడినట్టు కాదనీ తెలిసింది. ఈ తెలివి ఎవరికి పెట్టను? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని. నాకు ఏ ఓదార్పూ ఆనడం లేదు.

వంటింటి గోడకు మేకు ఉంది. పొద్దున్నే బోరింగు దగ్గర ఎండు సొరకాయ బుర్రలో తాగే నీళ్ళు నింపుకొచ్చి ఆ మేకుకు తగిలించడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. ఒకప్పుడు మధ్యాహ్నానికే ఖాళీ చేసేది. తాగడం మానేసినా నింపడం మానలేదు. సాయంత్రం మునగచెట్టు మొదట్లో ఒంపేసి వెళ్ళేది.

పడిపోయిన రోజు పొద్దున కూడా నింపి పెట్టిందట. ఆమె పోయాక వంటింట్లోకి వెళ్ళి బుర్ర దించాను. ఒక చేత్తో దించలేకపోయాను, అంత బరువుంది.