రెండుసార్లు రాసిన కెమిస్ట్రీ

మందుల షాపులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. కోడి కెలికినట్టున్న డాక్టరు రాతనైనా అటు తిప్పి ఇటు తిప్పి ఇట్టే చదివేస్తుంది మరి. తొమ్మిదేళ్లుగా చీటీ చదివేది ఆమె, అలమరలోంచి మందు తీసేది ఆమె, ఏది తిన్నాక వేసుకోవాలో ఏది తినకముందు వేసుకోవాలో ముసలివాళ్లకు మూడేసిసార్లు చెప్పేది ఆమె. సంతకం మాత్రం ఫార్మసిస్టుది.

ఆ సంతకం తనే పెట్టాలన్నది ఆమె పంతం. దానికి ఫార్మసీ కాలేజీలో సీటు రావాలి. సీటుకు డిగ్రీలో సగటు గ్రేడు పదికి ఏడు ఉండాలి, సైన్సు మార్కులు వచ్చి పదేళ్లు దాటకూడదు. ఆమెవి వచ్చే ఏడాదికి దాటిపోతాయి. అంటే ఈసారి రాకపోతే ఇక ఆ మాటే మరిచిపోవాలి.

ఏడుకి ఎక్కడా లోటు లేదని ఆమె ధీమా. డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో మూడు వచ్చి తప్పిన మాట నిజమే. మరుసటి సంవత్సరం మళ్లీ కూర్చుని రాసి తొమ్మిది తెచ్చుకుంది. ఆ తొమ్మిది వేసుకుని చూస్తే సగటు ఏడు పాయింట్ ఒకటి. ఇరవై పేపర్లూ కాగితం మీద కూడి, భాగించి, సరిచూసుకుని మరీ దరఖాస్తు పెట్టింది.

తిరస్కరించారు. సగటు ఆరు పాయింట్ తొమ్మిదట.

షాపుకు సెలవు పెట్టి కాలేజీకి వెళ్లింది. కిటికీ వెనక గుమాస్తా ఆమె కాగితాలు తిరగేసి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"మూడూ తొమ్మిదీ రెండూ లెక్కలోకే వస్తాయమ్మా. రెండోసారి రాస్తే మొదటిది పోదు."

"పోకపోవడమేంటి సార్? డాక్టరు డోసు మార్చి కొత్త చీటీ రాస్తే మేం పాతది కొట్టేస్తాం. రెండు చీటీల మందులూ కలిపి ఇస్తే మనిషే పోతాడు."

"ఇదేం మందుల షాపు కాదమ్మా."

"మందుల కాలేజీయేగా! మీరు నేర్పేదైనా ఇదే కాదా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లి అడ్మిషన్ల మేడంను పిలుచుకొచ్చాడు. మేడం మంచిదే. కుర్చీ చూపించింది, మంచినీళ్లు ఇప్పించింది, మొదటి కెమిస్ట్రీ ఎందుకు తప్పారని అడిగింది. ఆ రోజు అమ్మకు ఆపరేషన్ జరుగుతోందని, ఆస్పత్రి నుంచే పరీక్షకు వెళ్లానని ఆమె చెప్పింది.

"అయ్యో, ఎందుకెళ్లారండీ? ముందు రోజే ఆ పేపరు వదులుకుంటున్నానని ఒక అర్జీ పెట్టుంటే లెక్కలోకే వచ్చేది కాదు. ఇప్పుడు మీకు సీటు ఉండేది."

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. ఎగ్గొట్టినవాళ్ల కాగితం తెల్లగా ఉంటుందట, వెళ్లి రాసినవాళ్లది ఎప్పటికీ మరకేనట! ఇంతమంది పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, టీలు తాగి, ఇలాంటి రూలు రాసి కింద సంతకాలు కూడా పెట్టారంటే వాళ్లకు సంతకమంటే ఏమిటో తెలియదనే అనుకోవాలి.

మేడం గొంతు తగ్గించి ఒక ఫారం చేతిలో పెట్టింది. "కమిటీకి విన్నపం పెట్టుకోండి. అప్పట్లో నాకు బాధ్యత తెలియలేదు, ఇప్పుడు మారానని రాయండి. అలా రాసినవాళ్లని సాధారణంగా కనికరిస్తారు. సాయంత్రం ఐదులోపు ఇవ్వాలి."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. నాన్న కిటికీ దగ్గర గడియారం విప్పుకుని కూర్చుని ఉన్నాడు. గడియారాలు బాగుచేయడమే ఆయన పని. ఆమె ఫారం బల్ల మీదికి విసిరి, జరిగిందంతా కక్కేసింది. అర్జీ సంగతి చెప్పాకగానీ నాలుక కరుచుకోలేదు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో, "అమ్మ దగ్గర నేనున్నాగా, నువ్వు పరీక్ష మానకు, వెళ్లు," అని ఆమెను రిక్షా ఎక్కించింది ఆయనే. అమ్మ పోయాక కూడా నలుగురిలో ఆ మాట ఎంత గొప్పగా చెప్పుకునేవాడో!

ఆయన పట్టుకారు కింద పెట్టాడు.

"అయితే నా తప్పని రాయమ్మా," అన్నాడు. "మా నాన్న మూర్ఖుడు, బలవంతాన పంపాడని రాయి. నేను వచ్చి చెప్పమన్నా చెప్తాను. సీటొస్తే చాలు."

పొద్దుటినుంచి వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఇప్పుడొచ్చింది ఒక ఎత్తు. ఈ మనిషి చేత ఈ మాట అనిపించారు కదా! కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్ల మీద కూడా కోపమే వచ్చింది. కలం తీసుకుని, "తక్కువ గ్రేడుకు కారణం" అన్న గడిలో అదిమి పట్టి రాసింది.

'ఆ రోజు నాకు కెమిస్ట్రీ రాదు. అందుకే మూడు వచ్చింది. తర్వాత నేర్చుకున్నాను, తొమ్మిది వచ్చింది. సీటు అడుగుతున్నది తొమ్మిది వచ్చిన మనిషి. పరీక్షకు వెళ్లినందుకు నేను క్షమాపణ చెప్పను.'

కనికరిస్తారో లేదో తెలియదు. కనికరించకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని ఆమెకు తెలుసు. అయినా ఒక్క అక్షరం కొట్టేయకుండా మిగతా గళ్లు నింపి, ఫారం మడిచి, చెప్పులేసుకుంది.

"రాశావా నా గురించి?" అన్నాడు నాన్న, తల వంచుకునే.

"రాశాను నాన్నా," అంది ఆమె. "తండ్రి పేరు అన్న చోట."